సాఫ్ట్‌వేర్ లైసెన్సు సరుకా, సేవా? రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీసుకోవాలి?

ప్రశ్న: విజయవాడలో మాది చిన్న కంప్యూటర్ షాపు. హార్డ్‌వేర్ అమ్మడం మానేశాను. ఇప్పుడు యాంటీవైరస్ కీలు, అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అమ్ముతున్నాను. నేనే ఇన్‌స్టాల్ చేసి, ఏడాదికి ఇంత అని ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) తీసుకుంటాను. నందిగామ, జగ్గయ్యపేట కస్టమర్లతో పాటు కోదాడ, ఖమ్మం వాళ్లూ ఉన్నారు. వాళ్లకు కీ వాట్సాప్‌లో పంపిస్తాను. అంతకుముందు ఎప్పుడూ 20 లక్షలు దాటలేదు, పోయిన ఏడాది టర్నోవర్ 28 లక్షలు వచ్చింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. సాఫ్ట్‌వేర్ సరుకు కాబట్టి 40 లక్షల దాకా అక్కర్లేదని మా ఆడిటర్ గారు చెప్పారు. లైసెన్సు అంటే సేవ, 20 లక్షలు దాటగానే తీసుకోవాల్సిందని ఇంకో ఆడిటర్ గారు అంటున్నారు. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే బిల్లుల్లో యాంటీవైరస్‌కు 8523 అని, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు 997331 అని కోడ్‌లు ఉంటున్నాయి. ఇద్దరిలో ఎవరిది కరెక్టు? అసలు లైసెన్సు మీద అమ్మే సాఫ్ట్‌వేర్‌కు ఏ లెక్కన పన్ను వేయాలి? రాత్రిళ్లు నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రిజిస్ట్రేషన్‌కు వెంటనే అప్లై చేయండి. 40 లక్షల పరిమితి మీకు వర్తించదు. సాఫ్ట్‌వేర్ సరుకని తేలినా వర్తించదు, సేవ అని తేలినా వర్తించదు. ఆ లెక్క ఎలాగో చూశాక మీ పెద్ద ప్రశ్నకు వస్తాను.

2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 40 లక్షల వెసులుబాటు సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు. ఆంధ్రప్రదేశ్ దాన్ని ఒప్పుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అందుకే జగ్గయ్యపేట షాపుకు ఒక పరిమితి, పక్కనే ఉన్న కోదాడ షాపుకు ఇంకో పరిమితి. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన మాట ‘మాత్రమే’. మీరు ఏఎంసీ తీసుకుంటున్నారు, ఇన్‌స్టలేషన్ చేస్తున్నారు. అవి సేవలన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ఏడాదిలో అలాంటి బిల్లు ఒక్కటున్నా మీరు ‘సరుకులు మాత్రమే’ అమ్మేవారు కారు. కాబట్టి మీ పరిమితి 20 లక్షలే.

ఇంతకంటే ముఖ్యమైనది కోదాడ, ఖమ్మం సంగతి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే, చేనేత, హస్తకళల్లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీఎస్టీ చట్టంలో 24వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. సేవలకు మాత్రం 2017లోనే సడలింపు ఇచ్చారు. రాష్ట్రం దాటి సేవ చేసినా 20 లక్షల లోపుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంటే సాఫ్ట్‌వేర్ సరుకే అని గట్టిగా వాదించి గెలిస్తే మీ చేతికి వచ్చే పరిమితి 40 లక్షలు కాదు, సున్నా. మీ మొదటి ఆడిటర్ గారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు కానీ, తెలంగాణ కస్టమర్ల సంగతి ఆయన దృష్టికి వచ్చి ఉండదు.

ఖమ్మం కస్టమర్ షాపుకొచ్చి బాక్సు కొనుక్కుని వెళ్తే అది లోకల్ అమ్మకమేనా అని మీకు అనుమానం రావచ్చు. రిజిస్ట్రేషన్ లేని కస్టమర్‌కు సరుకు అమ్మి, బిల్లు మీద అతని చిరునామా రాస్తే, 2023 అక్టోబరు 1 నుంచి ఆ చిరునామా ఉన్న రాష్ట్రమే లెక్క. చిరునామా లేకపోతే మీ షాపు ఉన్న చోటు లెక్క. వాట్సాప్‌లో కీ పంపి, బిల్లు మీద ఖమ్మం అని రాసి ఉంటే అది తెలంగాణ అమ్మకమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ఆడిటర్లిద్దరూ ఎందుకు విభేదిస్తున్నారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ విషయంలో దేశం మొత్తానికి దారి చూపిన కేసు మన దగ్గరి నుంచే వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1957 నాటి సేల్స్ ట్యాక్స్ చట్టం కింద పన్ను వేసింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనపడేది కాదు, చేత్తో పట్టుకునేదీ కాదు, అది మేధో సంపత్తి, సరుకు ఎలా అవుతుందని కంపెనీ వాదించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. కోర్టు చూసింది మూడు సంగతులు: దానివల్ల ఉపయోగం ఉందా, కొనడానికి అమ్మడానికి వీలవుతుందా, ఒకరి నుంచి ఒకరికి అందించడానికి, దాచుకోవడానికి, స్వాధీనంలో ఉంచుకోవడానికి కుదురుతుందా. రచయిత ఆలోచన పుస్తకంగా అచ్చయ్యాక, చిత్రకారుడి ఊహ కాన్వాసు మీదికి ఎక్కాక అవి సరుకులే కదా, సాఫ్ట్‌వేరూ అంతే అంది. ఒక్కో కస్టమర్ కోసం ప్రత్యేకంగా రాసిచ్చే సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం తేల్చకుండా వదిలేసింది.

అంతటితో గొడవ ముగియాలి. కానీ 2008 మే 16 నుంచి కేంద్రం సాఫ్ట్‌వేర్ సేవల మీద సర్వీస్ ట్యాక్స్ మొదలుపెట్టింది. సరుకు అమ్మకం మీద పన్ను రాష్ట్రాలది, సేవల మీద పన్ను కేంద్రానిది. రాష్ట్రం సరుకంటుంది, కేంద్రం సేవ అంటుంది. డీలర్ ఎవరి మాట వినాలి? చాలామంది ఇద్దరి మాటా విన్నారు. 2012 నుంచి 2017 దాకా మీ దగ్గర పాత కొనుగోలు బిల్లులు ఉంటే తీసి చూడండి. ఒకే లైసెన్సు మీద వ్యాట్ 5 శాతం ఒక లైను, సర్వీస్ ట్యాక్స్ 12.36 శాతమో, 2016 జూన్ తర్వాతిదైతే 15 శాతమో ఇంకో లైను కనిపిస్తాయి. ఒకే వస్తువుకు రెండు పన్నులు కట్టింది కంపెనీలు కాదు, ఆ లైసెన్సు కొనుక్కున్న చిన్న షాపుల వాళ్లు, ప్రైవేటు స్కూళ్లు, రైసు మిల్లులు. రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒక మాట మీదికి రాలేకపోయినందుకు వాళ్లు మూల్యం చెల్లించారు. ఆ డబ్బు వాళ్లకు తిరిగి రాలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఇది.

యాంటీవైరస్ మీదే ఒక పెద్ద కేసు నడిచింది. పుణె కంపెనీ క్విక్ హీల్ సీడీతో, కీతో బాక్సుల్లో యాంటీవైరస్ అమ్మేది. ఆ తర్వాత వచ్చే అప్‌డేట్లు సేవ కాబట్టి సర్వీస్ ట్యాక్స్ కట్టాలని కేంద్ర అధికారులు పట్టుబట్టారు. 2022 ఆగస్టు 5న సుప్రీంకోర్టు అది కుదరదంది. ఒకేసారి మొత్తం డబ్బు తీసుకుని అమ్మిన దాన్ని ముక్కలు చేసి, ఈ ముక్క సరుకు, ఆ ముక్క సేవ అనడానికి వీల్లేదని, అది అమ్మకమేనని తేల్చింది. మీ మొదటి ఆడిటర్ గారు చెప్పేది ఈ తీర్పును బట్టే అనుకుంటున్నాను.

అయితే ఆ తీర్పు పాత చట్టం మీద వచ్చింది. కేసులోని కాలం 2011 నుంచి 2014 దాకా. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక నేలే మారిపోయింది.

మారిందేమిటో టెంట్ హౌస్ వాళ్ల వ్యాపారంలో పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. షామియానా సరుకా కాదా? ముమ్మాటికీ సరుకే. మరి పెళ్లికి రెండు రోజులు షామియానా ఇచ్చి డబ్బు తీసుకుంటే సరుకు అమ్మినట్టా? కాదు, వాడుకోనిచ్చినట్టు. 1982లో 46వ రాజ్యాంగ సవరణతో, సరుకును వాడుకునే హక్కు ఇచ్చినా ‘అమ్మకం’ కిందే లెక్క అన్నారు, రాష్ట్రాలు దాని మీద సేల్స్ ట్యాక్స్ వేసుకోవడానికి. జీఎస్టీ వచ్చాక ఆ లెక్క తిరగబడింది. కేంద్ర జీఎస్టీ చట్టంలోని రెండో షెడ్యూల్లో, సరుకును వాడుకునే హక్కు ఇవ్వడం సేవ అని రాశారు. మేధో సంపత్తిని వాడుకోవడానికి అనుమతి ఇవ్వడమూ సేవేనన్నారు. సాఫ్ట్‌వేర్ తయారు చేయడం, మార్చడం, మెరుగుపరచడం కూడా సేవేనని విడిగా మరో వాక్యం పెట్టారు.

కాబట్టి ‘సాఫ్ట్‌వేర్ సరుకా?’ అనేది ఒక ప్రశ్న. దానికి 2004లోనే జవాబు వచ్చింది, అవును అని. ‘మీరు కస్టమర్‌కు చేసింది సరుకు అమ్మకమా, వాడుకోనివ్వడమా?’ అనేది వేరే ప్రశ్న. ఇప్పటి చట్టంలో పన్నుకు పనికొచ్చేది ఈ రెండోదే. ఆడిటర్లలో ఒకరు మొదటి ప్రశ్నకు, ఇంకొకరు రెండో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు.

రెండో ప్రశ్నకు జవాబు బాక్సులోనే ఉంటుంది. మీ షాపులో ఒక యాంటీవైరస్ ప్యాక్ విప్పి చూడండి. గీకితే కీ కనపడే కార్డు ఒకటి, చిన్న అక్షరాల కాగితం ఒకటి ఉంటాయి. కాగితం లేకపోతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కమనే చోట అదే విషయం ఉంటుంది. చాలావాటిలో సాఫ్ట్‌వేర్ మీకు అమ్మడం లేదు, లైసెన్సు మాత్రమే ఇస్తున్నామని సూటిగానే రాస్తారు. ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు, ఎంతకాలం, ఇంకొకరికి ఇవ్వవచ్చా లేదా, గడువు ముగిశాక ఏమవుతుంది, అన్నీ ఉంటాయి. ఎవరూ చదవరు, కానీ పన్ను తేలేది అక్కడే. మద్రాసు హైకోర్టు కూడా 2010లో ఇలాంటి మాటే చెప్పింది: సాఫ్ట్‌వేర్ సరుకే, కానీ ఒక్కో లావాదేవీ అమ్మకమా సేవా అన్నది ఒప్పందంలోని షరతుల్ని బట్టి తేలాలని.

ఇంత స్పష్టంగా ఉంటే గందరగోళం దేనికంటారా? కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఐటీ రంగం కోసం విడుదల చేసిన ప్రశ్నోత్తరాలే కారణం. ముందే తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను సీడీ మీద గానీ, కీ ద్వారా గానీ ఇస్తే అది సరుకే, 4907 కింద వస్తుందని అందులో రాశారు. 4907 అంటే టారిఫ్‌లో (సరుకుల కోడ్‌ల పట్టికలో) స్టాంపులు, చెక్కు ఫారాలు, షేర్ సర్టిఫికెట్లు ఉండే చోటు. సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కునిచ్చే కాగితం కూడా అక్కడే ఉంది. సీడీ అయితే 8523. వాడుకునే లైసెన్సును సేవగా చూపిస్తే 997331. ఇలా ఒకే కీకి మూడు కోడ్‌లు చెలామణీలో ఉన్నాయి. పన్ను సందేహాలు అడిగినవారికి ముందుగానే నిర్ణయం చెప్పే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే అంది. అయితే అలాంటి రూలింగ్ అడిగినవారికి, వారి అధికారికి మాత్రమే వర్తిస్తుంది. ప్రశ్నోత్తరాలైతే చట్టమే కాదు. షెడ్యూలుకూ వాటికీ తేడా వస్తే షెడ్యూలే నెగ్గాలి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. గడువున్న లైసెన్సు, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకునేది, బ్రౌజర్‌లో లాగిన్ అయి వాడుకునేది, ఇవన్నీ సేవలే. కస్టమర్ డబ్బు ఆపేసిన రోజున అతని దగ్గర ఏమీ మిగలదు కాబట్టి అమ్మకం అనడానికి అక్కడ ఏమీ లేదు. ఒకేసారి డబ్బు కట్టి, గడువు లేకుండా, తనకు నచ్చినప్పుడు ఇంకొకరికి ఇచ్చేసే హక్కుతో కొనుక్కున్న కాపీ ఉంటే, అది మాత్రం సరుకే. అలాంటివి రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. దీన్ని ప్రశ్నోత్తరాల్లో కాదు, చట్టంలోనే ఒక వాక్యంగా రాయాలి. రెండింటికీ రేటు 18 శాతమే కాబట్టి ప్రభుత్వ ఖజానాకు పైసా తేడా రాదు. తేడా పడేది రిజిస్ట్రేషన్ పరిమితి దగ్గర, ఏ రాష్ట్రానికి పన్ను అన్న దగ్గర, అంటే మీలాంటి చిన్న డీలర్ల దగ్గరే. పెద్ద కంపెనీలు లాయర్లను పెట్టుకుని పదేళ్లు కోర్టుల్లో తిరగగలవు. మీరు తిరగలేరు. జీఎస్టీ కౌన్సిల్ దీన్ని ఇన్నేళ్లు ఇలా వదిలేయడం అన్యాయం.

ఇక మీరు చేయాల్సిన పనులు. పోయిన ఏడాది అమ్మకాల పుస్తకం తీసి, రోజువారీగా కూడుకుంటూ వెళ్లి, 20 లక్షలు ఏ తేదీన దాటిందో గుర్తించండి. సేవ అనే లెక్కన మీ బాధ్యత ఆ రోజు నుంచి మొదలవుతుంది. దాటాక అమ్మింది 8 లక్షలు. మీరు కస్టమర్ల దగ్గర పన్ను విడిగా తీసుకోలేదు కాబట్టి, వచ్చిన డబ్బులోనే పన్ను కలిసి ఉందని 35వ రూల్ కింద లెక్క వేయవచ్చు. అప్పుడు 118కి 18 చొప్పున సుమారు లక్షా 22 వేలు అవుతుంది. ఈ ఏడాది అమ్మకాల మీద పన్ను దానికి అదనం, వడ్డీ ఏడాదికి 18 శాతం. అదే సరుకు లెక్కన, ఏడాది మొదట్లోనే ఖమ్మానికి ఒక అమ్మకం జరిగి ఉంటే, మొత్తం 28 లక్షల మీదా సుమారు 4 లక్షల 27 వేలు పడుతుంది. అంతకుముందు సంవత్సరాలవీ అడగవచ్చు. మీ రెండో ఆడిటర్ గారి మాట మీకు ఎందుకు మేలో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇందులో ఒక రిస్కు ఉంది, అదీ చెప్పాలి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ బిల్లుల మీద 997331 ఉంది కాబట్టి అది సేవ అనడానికి మీకు కాగితం ఆధారం ఉంది. యాంటీవైరస్ బిల్లుల మీద 8523 అని ఉంది. తెలంగాణకు వెళ్లిన యాంటీవైరస్ కీలను చూపించి, ఇవి సరుకులు, మొదటి రోజు నుంచే బాధ్యత ఉంది అని అధికారి అనవచ్చు. అందుకని ఆ అమ్మకాలను విడిగా ఒక లిస్టు తీయండి. బాక్సులా, ఉత్త కీలా, ఏడాది గడువువా, చూడండి. ఉత్త కీలు, గడువున్నవి అయితే వాటి లైసెన్సు షరతుల ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. డిస్ట్రిబ్యూటర్‌ను ఆ కోడ్ ఎందుకు వేస్తున్నారో మెయిల్ పెట్టి అడగండి. ఫోన్లో అడిగితే రుజువు ఉండదు.

బాకీ పన్ను, వడ్డీ నోటీసు రాకముందే మీ అంతట మీరే కట్టేయండి. మోసం చేసే ఉద్దేశం లేని కేసుల్లో ముందే కట్టేస్తే పెనాల్టీ ఉండదు. బాధ్యత వచ్చిన 30 రోజుల్లో అప్లై చేయలేదు కాబట్టి మీ రిజిస్ట్రేషన్ మంజూరైన రోజు నుంచే అమల్లోకి వస్తుంది. గడిచిన కాలానికి డిస్ట్రిబ్యూటర్‌కు మీరు కట్టిన పన్నును ఇన్‌పుట్‌గా తీసుకోవడం, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం కష్టం. ఆ నష్టం తప్పదు.

ఒక శాతం కాంపోజిషన్ (టర్నోవర్ మీద ఇంత శాతం అని కట్టేసే పద్ధతి) తీసుకుంటే పోలా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అందులో ఉంటే రాష్ట్రం బయట అమ్మకూడదు, కోదాడ, ఖమ్మం కస్టమర్లు పోతారు. పైగా ఆ ఒక శాతం సరుకు వ్యాపారులకు, సేవలకు ఆరు శాతం. మళ్లీ ఇదే తగాదా నెత్తిన పెట్టుకున్నట్టు. మామూలు రిజిస్ట్రేషన్లో వెయ్యి రూపాయల కీకి మీరు కట్టే 180 వెనక్కి వస్తుంది. మీ దగ్గర కొనే షాపుల వాళ్లకూ ఇన్‌పుట్ దొరుకుతుంది, వాళ్లు బేరం తక్కువ ఆడతారు.

రిజిస్ట్రేషన్ వచ్చాక రెండు సంగతులు మరిచిపోవద్దు. రెన్యువల్‌కు అడ్వాన్స్ తీసుకుంటే సేవ లెక్కన డబ్బు అందిన నెల లెక్కలోనే పన్ను చూపించి కట్టాలి. సరుకుకైతే అడ్వాన్స్ మీద పన్ను లేదు. మార్చిలో ఏఎంసీలు ముందే వసూలు చేసుకునే అలవాటుంటే ఇది గుర్తుంచుకోండి. రెండోది, తెలంగాణ బిల్లు మీద ఐజీఎస్టీ (వేరే రాష్ట్రపు అమ్మకాల మీద పన్ను) వేయాల్సిన చోట పొరపాటున సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (సొంత రాష్ట్రంలోని అమ్మకాల మీద పన్నులు) కడితే కంగారు పడకండి. సరైన పన్ను కట్టేసి, తప్పుగా కట్టింది రెండేళ్లలోపు రిఫండ్ అడగవచ్చు, దాని మీద వడ్డీ వేయరు. కానీ డబ్బు ముందు మీ జేబులోంచే పోతుంది కాబట్టి ప్రతి బిల్లు మీదా కస్టమర్ రాష్ట్రం పేరు తప్పకుండా రాయండి.

మీ షాపు కోసం విదేశీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందా కట్టి వాడుతుంటే అది సేవ దిగుమతి. రిజిస్ట్రేషన్ నంబరు వచ్చిన రోజు నుంచి దాని మీద 18 శాతం రివర్స్ చార్జీలో, అంటే అమ్మినవారి బదులు కొన్నవారు కట్టే పద్ధతిలో, మీరే నగదుగా కట్టి, ఇన్‌పుట్ తీసుకోవాలి. నంబరు రాగానే ఆ కంపెనీ వెబ్‌సైట్లో మీ అకౌంట్‌లోకి వెళ్లి దాన్ని నమోదు చేయండి, లేకపోతే వాళ్లు మామూలు కస్టమర్ అనుకుని మీ దగ్గర పన్ను వసూలు చేస్తూనే ఉంటారు.